నల్ల మడి మీద ముగ్గు

ఈ ప్రయాణం చేసి వచ్చి ఐదేళ్లయింది. ఇన్నాళ్లూ రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడమే. యాభై నాలుగో ఏట పలక పట్టాను. కోనసీమ వెళ్లేనాటికి బస్సుల మీది బోర్డులు కూడబలుక్కుని చదివేదాన్ని. సొంతంగా రాయగలిగింది నా పేరు, ఇంకో నాలుగైదు మాటలు. రెండో కారణం మా మరిది. నాకు అక్షరాలు కుదిరాక అతను వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"వదినా, నువ్వు గిదంత రాస్తే మన గల్లీ పాలు ఎవడు పోయించుకుంటడు? ముప్పై ఇండ్ల పొయ్యిల నీళ్లు పోస్తవా?" అన్నాడు.

పోయిన ఏడు అతను కూడా ఆఖరి బర్రెను అమ్మేశాడు. గల్లీలో ఇప్పుడు అందరివీ ప్యాకెట్ పాలే. దాచి కాపాడవలసింది ఏమీ మిగల్లేదు కనుక రాస్తున్నాను.

గౌలిపుర

మాది గౌలిపుర. ముందు గది మనుషులకు, వెనక కొట్టం పన్నెండు బర్రెలకు. పట్నానికి దక్షిణాన, బస్సు దిగి ఒక మైలు నడిస్తే మాకు రెండెకరాల గడ్డి పొలం ఉంది. దాని పక్కన ఎవరో ప్రైవేటు వాళ్ల మైదానం ఉండేది. ఫ్యాక్టరీల్లో మంటలు ఆర్పేవాళ్లకు అక్కడ పని నేర్పేవారు. నూనె పోసి నిప్పు పెట్టి, గొట్టాలతో తెల్లని నురుగు కొట్టి ఆర్పేవారు. గాలి మా వైపు తిరిగితే ఆ నురుగు వచ్చి గడ్డి మీద వాలేది. అప్పుడే పిండిన పాల నురుగులాగే ఉండేది. గడ్డి కోసే ఆడవాళ్లం దాన్ని చేతుల్లోకి తీసుకుని ఒకరి ముఖాన ఒకరం ఊదుకుని నవ్వుకునేవాళ్లం. పదిహేనేళ్లు అలా నవ్వుకున్నాం. తర్వాత ఆ మైదానం మూతబడింది. మేమూ మరిచిపోయాం.

మాకు అక్షరాలు నేర్పింది సుభద్ర టీచరమ్మ. ఆమెది కోనసీమ. భర్త ఉద్యోగం మీద వచ్చి లాల్‌దర్వాజాలో అద్దెకు ఉండేవారు. పదేళ్లుగా వాళ్లింటికి పాలు నావే. ఆమె అన్న సూర్యారావు గారు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. చెల్లెలింటికి వచ్చినప్పుడు ఒకసారి నాతో మాటల్లో ఈ నురుగు సంగతి విన్నాడు. కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. మర్నాడు నా వెంట పొలానికి వచ్చి సీసాల్లో మన్ను, గడ్డి, కొట్టంలోంచి పాలు తీసుకుపోయాడు. మన దగ్గర కొలిచే చోటు లేదని విదేశంలో ఉన్న తన శిష్యుడికి పంపించాడు. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. మూడింటిలోనూ ఉంది.

ఏముందో నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఫ్లోరిన్‌తో మనిషి తయారు చేసిన మందు. ఎండకు ఎండదు, వానకు కరగదు, మన్నులో పురుగు కూడా దాన్ని తినలేదు. నీళ్లతో పాటు కిందికి దిగుతుంది, వేళ్లతో పాటు పైకి వస్తుంది. ఒంట్లోకి పోతే ఏళ్ల తరబడి వదలదు.

"ఏం జేస్తది సారూ ఒంట్ల?" అని అడిగాను.

"ఇంకా చదువుతున్నారమ్మా. మంచి చెయ్యదని మాత్రం తెలిసింది."

తమ ఊరి దగ్గర ఇలాంటి నేలలోనే కొబ్బరి చిప్పల బొగ్గు కలిపి చూస్తున్నానని, వచ్చి చూడమని చెప్పాడు. ఆ రోజు నుంచి పొలం గడ్డి ఆపేసి చొప్ప కొన్నాను. పాలు మాత్రం ఆపలేదు. ఆపితే ఎందుకని అడుగుతారు. బొగ్గు వేస్తే నా పొలం గడ్డి మళ్లీ బర్రె ముందు వేయొచ్చా, ఆ పాలు మళ్లీ నిశ్చింతగా ఇంకొకరి గిన్నెలో పోయొచ్చా, ఈ ఒక్క మాట తెలుసుకోవడానికే వెళ్లాను. బర్రెల్ని మరిదికి అప్పజెప్పి, టీచరమ్మతో రైలెక్కాను.

రాజమండ్రి

తెల్లవారేసరికి గోదావరి వంతెన మీద ఉన్నాం. రైలు డబ్బాలో అందరూ లేచి కిటికీల్లోంచి చిల్లర విసిరి దండం పెట్టారు. మా మూసీకి ఎవరూ దండం పెట్టరు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు.

స్టేషన్ బోర్డు నేనే చదివాను. చదవడం అయ్యేసరికి కూలీ మా సంచులు తీసుకుని సగం దూరం పోయాడు. "వచ్చేసారి మీకోసం రైలును ఇంకాసేపు ఆపమని చెబుతాను" అంది టీచరమ్మ.

హోటల్లో పెసరట్టు, ఉప్మా పెట్టించింది. పొద్దున చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తినే నోటికి అది పెద్ద భోజనం. అల్లం పచ్చడి బాగుంది. వడ్డించే అతను నన్ను "ఇంకోటి వెయ్యమంటారా అండి" అని అడిగాడు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. పాలక్యాను మోసే దాన్ని మా దిక్కు టీచరమ్మ తప్ప ఎవరూ మీరు అనరు. వాళ్లు మీరన్నంత మాత్రాన మర్యాద, మేం నువ్వన్నంత మాత్రాన చులకన అని కాదు గానీ, వినడానికి మాత్రం చెవులకు కొత్తగా ఉంది.

వాళ్ల టీ నాకు నచ్చలేదు. పాలలో సగానికి సగం నీళ్లు. పక్కనున్న పాలబ్బాయిని రేటు అడిగితే లీటరు ఇరవై రెండు అన్నాడు. మా దగ్గర ముప్పై. "మా దిక్కు కండ్ల ముంగట పిండితేనే తీసుకుంటరు" అని నేను గొప్ప చెప్పబోయి ఆగిపోయాను. కళ్ల ముందు పిండినా కనబడనిది ఒకటుందని అప్పటికి నాకు తెలుసు.

బొగ్గు బట్టీ

బస్సు కోనసీమలోకి దిగాక రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి చెట్లే. బర్రెల్ని వాటికే కట్టేస్తారు. వరిగడ్డి, చెట్ల కింద మొలిచిన పచ్చిక తప్ప వాటికి వేరే మేత కనబడలేదు. బక్కగా ఉన్నాయి, పొదుగులు చిన్నవి. అయినా వాటిని చూసి నాకు కన్ను కుట్టింది. అవి తినేది ఏదో వాళ్లకు తెలుసు.

సూర్యారావు గారు బస్టాండులో కలిసి మమ్మల్ని ముందుగా బొగ్గు బట్టీకి తీసుకుపోయాడు. చిప్పల గుట్టలు ఇంటెత్తున ఉన్నాయి. గుంతల్లో పోసి గాలి ఆడకుండా కాలుస్తారు. ఆ బొగ్గును దంచి, ఎర్రగా కాలే ఇనప డ్రమ్ములో వేసి ఆవిరి పట్టిస్తారు. పొగకు కళ్లు మండాయి. బట్టీ యజమాని లుంగీ ఎగ్గట్టి మాతో పాటే తిరిగాడు.

"ఇది నీళ్ల మిషన్లలోకి ఎల్తాదండి. మందుల కంపెనీలోళ్లూ కొంటారండి. మట్టిలో కలపడానికి కొనేవోరు మాత్రం సూర్రావు గారొక్కరే. రిటైరయ్యాక అందరూ తీర్థాలు ఎల్తారు, ఈయన బొగ్గు మోస్తారు" అన్నాడు.

"నీకు బేరం తగిలింది కదయ్యా, మోయనీ" అన్నాడు సారు.

ఒక చిన్న ముక్క తీసి నా చేతిలో పెట్టి, నాలిక మీద పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాను. రుచేమీ లేదు. తీయబోతే నాలికను పట్టుకుని లాగింది.

"అదీ సంగతి. పైకి ఇంతే గానీ లోపలంతా గదులు. లెక్కలేనన్ని గదులు. నీళ్లలో వచ్చిన మందు ఆ గదుల్లోకి పోయి కూర్చుంటుంది. బయటికి రాదు."

"చస్తదా సారూ లోపట?"

"చావదమ్మా. కట్టేసినట్టు, అంతే."

కట్టేయడం నాకు తెలిసిన పనే. తాడు ఎంతకాలం ఉంటుందన్నదే అక్కడ ప్రశ్న. ఆ ప్రశ్న నేను బట్టీ దగ్గర అడగలేదు. ఇంకో పూట ఆశ ఉంచుకుందామనిపించింది.

మూడు మడులు

ఆ నేల సముద్రానికి దగ్గర్లో ఉంది. పాత నూనె ట్యాంకుల ఆవరణ. అక్కడ కూడా ఒకప్పుడు నురుగు కొట్టేవారట. కంపెనీ పోయింది, కాపలాదారు కుటుంబం మాత్రం మిగిలింది. రేకుల పాక, ముందు వాకిలి, వాకిలిని ఆనుకునే సారు వేసిన మూడు మడులు. పాకను ఆనుకున్నది మామూలు మన్ను. మధ్యది బొగ్గు కలిపిన మన్ను. చివరిది బొగ్గుతో పాటు బంకమన్ను కలిపినది. ప్రతి మడి కిందా రేకు పరిచి ఒక గొట్టం పెట్టాడు. వాన నీళ్లు మడిలోంచి దిగి ఆ గొట్టంలో సీసాలోకి వస్తాయి. వాటిలో మందు ఉందా లేదా చూడాలి.

మూడింటిలో గడ్డి మొలిచింది. మధ్య మడి గడ్డి చేత్తో పట్టి చూశాను. మెత్తగా, నిండుగా ఉంది. అలాంటి గడ్డి వేస్తే బర్రె పూటకు పావు లీటరు ఎక్కువిస్తుంది. మనసు ఆగలేదు.

"సారూ, గీ గడ్డి బర్రెకు ఎయ్యొచ్చా?"

ఆయన చెప్పులు విడిచి మడి గట్టు మీద కూర్చున్నాడు. "మొదటి ఏడు ఈ మధ్య మడి నీళ్లు శుభ్రంగా వచ్చాయమ్మా. నేను ఎగిరి గంతేశాను. మా చెల్లెలికి ఉత్తరం కూడా రాశాను. రెండో ఏడు సగం దాటాక మందు మళ్లీ రావడం మొదలుపెట్టింది. పోయిన నెల వచ్చిన జవాబులో మొదటి మడికీ దీనికీ పెద్ద తేడా లేదు. బొగ్గు నిండిపోయిందనుకుంటాను. చివరిది ఇంకా ఆగుతోంది. అదీ ఎంతకాలమో."

టీచరమ్మ అంది, "ఈ మాట ఫోనులో చెప్పొచ్చు కదా అన్నయ్యా. ఆవిణ్ని ఇంత దూరం రప్పించావు."

"పిలిచినప్పుడు బాగానే ఉంది సుభద్రా."

ఆ పూట కాపలాదారు భార్య నూకరత్నం అన్నం పెట్టింది. చింతకాయ వేసి చిన్న చేపల పులుసు. "తినండక్కా, మీ సారు మొకం సూసి మీరు మానేత్తే ఎలా? ఆయనెప్పుడూ అంతేనండి, సీసా సూసినప్పుడల్లా మావ పోయినట్టుంటాడు" అంది. చేప ముల్లు నా గొంతులో గుచ్చుకుంది. ఆమె అన్నం ముద్ద చేసి మింగించింది. ఆ రాత్రి టీచరమ్మ, నేను ఆ పాకలోనే పడుకున్నాం.

కళ్లాపి

బర్రెలు లేకపోయినా నాలుగింటికి మెలకువ వచ్చింది. బయట నూకరత్నం అప్పటికే వాకిలి ఊడ్చి, బకెట్లో పేడ కలుపుతోంది. మా దిక్కు సాన్పి అంటాం, వాళ్లు కళ్లాపి అన్నారు. పని ఒకటే. ఊరికే నిలబడలేక నేనూ ఒక చెంబు తీసుకున్నాను. ఆమె ఆ చివర నుంచి, నేను ఈ చివర నుంచి చల్లుకుంటూ వచ్చాం. పాకను ఆనుకున్న మొదటి మడిలో ఆమె గడ్డి మధ్య బంతి మొక్కలు నాటుకుంది కనుక దాన్ని వదిలేసింది. మధ్య మడి దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగలేదు. గట్టు మీద, గడ్డి మీద, నల్లటి మన్ను మీద దోసిళ్లతో చల్లి, మిగిలిన బకెట్ అందులోనే వంచేసింది. తర్వాత గట్టు మీద ముగ్గు వేసింది. నేను కూడా నా చెంబు అందులోనే వంచాను.

వంచాక తోచింది.

"రత్నం, దీన్ల రోజు చల్లుతవా?"

"ఆయ్. మొదటి ఏడు సల్లలేదండి. తర్వాత మా అత్తగారొచ్చి, ఇంటెదురుగా కాటి బూడిదలాగ ఏంటే ఈ నలుపు అందండి. అప్పట్నుంచి రోజూ సల్లుతున్నా. దూరంగా ఉందని ఆ సివరిదాన్ని ముట్టుకోలేదు."

గొట్టం దగ్గరికి పోయి చూశాను. సీసాలోకి కొద్దిగా పచ్చ తిరిగిన చుక్కలు పడుతున్నాయి. ఆ వాసన నా కొట్టం వాసన.

సారు రోజూ పదింటికి వచ్చేవాడు. ఆ వేళకు నీళ్లు ఇంకిపోయి ముగ్గు మాత్రం ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ ముగ్గు దాటుకుని వచ్చి, నీళ్ల రంగు గడ్డిదేననుకుని సీసాలు తీసుకుపోయాడు. ఆ పూట ఆయన రాగానే సంగతి చెప్పాను. సీసా ఎత్తి వాసన చూశాడు. నూకరత్నం చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది.

"నా వల్లేనా అండి? రెండేళ్ల పని పాడుసేసేనా?"

"నువ్వేం చేశావమ్మా, వాకిలి శుభ్రం చేసుకున్నావు. నువ్వు పొద్దున్నే ఏం చేస్తావో నేను ఒక్కనాడు అడగలేదు. మా నాన్నమ్మ చల్లేది, మా అమ్మ చల్లేది. నాకు తట్టలేదు." తర్వాత నా వైపు తిరిగి చెప్పాడు. పేడ నీళ్లలో ఉన్న సారం కూడా ఆ గదుల కోసమే వస్తుంది. అది ముందుగా పోయి కూర్చుంటే మందుకు చోటుండదు. కొన్నిసార్లు ఉన్నదాన్ని కూడా బయటికి నెడుతుంది.

నాకు ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. అంటే బొగ్గు తప్పేమీ లేదు. బొగ్గు పని చేస్తుంది. "అయితే నా పొలంల పేడ ఎయ్యకుంట బొగ్గు కలిపితే ఆగుతది గద సారూ?" అన్నాను.

ఆయన నన్ను అడిగాడు, ఆ పొలంలో పేడ ఎన్నేళ్ల నుంచి వేస్తున్నారని.

మా అత్త కాలం నుంచి. గౌలిపుర కొట్టంలో పేడ ఎక్కడికి పోతుంది మరి? బండి నిండగానే పొలానికే. పొలంలో గడ్డి కొట్టానికి, కొట్టంలో పేడ పొలానికి. ఆ మన్ను చేత్తో పిసికితే సగం పేడే. దాన్ని చూసే పక్క పొలాల వాళ్లు మా మీద ఏడ్చేవాళ్లు. ఇదంతా చెబుతూ ఉండగానే, నా నోటితో నేనే నా జవాబు చెప్పుకుంటున్నానని అర్థమైంది.

సారు మెల్లగా ముగించాడు. అంత పేడ ఉన్న మన్నులో బొగ్గు ఎంత పోసినా ఎన్నాళ్లు పట్టుకుంటుందో చెప్పలేడు. పట్టుకున్నా అది పొలం బావిలోకి దిగకుండా ఆపడానికే గానీ, మేత పెంచుకోవడానికి కాదు. బొగ్గు కలిపి, పైన మన్ను కప్పి, కంచె వేసి వదిలేయాలి. ఆ తర్వాత కూడా ఏడాదికొకసారి నీళ్లు చూస్తుండాలి. ఎప్పటిదాకా అంటే, ఎప్పటిదాకా అయినా.

"బర్రెల సంగతేంది మరి? గడ్డి ఆపి ఐదు నెల్లాయె."

"ఒంట్లో ఉన్నది ఒక్కసారిగా పోదమ్మా. కొంత పేడలో పోతుంది. పాడి పశువుకు అది బయటికి పోయే పెద్ద దారి పాలే."

టీచరమ్మ అటు తిరిగి సముద్రం వైపు చూస్తూ నిలబడింది. అక్కడి నుంచి సముద్రం కనబడదు.

తిరుగు రైలు

సారు ఒక గోనెసంచి బొగ్గు ఇచ్చాడు, కనీసం బావి చుట్టూ అయినా వేయమని. రైల్లో సీటు కింద పెట్టాను. ఎలుక కొరికిందో ఏమో, గోదావరి దాటేసరికి సంచి కారి డబ్బా అంతా నల్లపొడి. టీచరమ్మ తెల్ల చీర అంచు నల్లబడింది. టికెట్లు చూసే అతను బూటు ఎత్తి చూసుకుని, "ఏంటమ్మా, బొగ్గు రైలు అనుకుని ఎక్కారా?" అన్నాడు. ఇద్దరం చేతులతో ఊడ్చి సంచిలో పోసుకున్నాం. ఎంత ఊడ్చినా పలకల సందుల్లో మిగిలిపోయింది.

పొడి దులుపుకుంటూ ఆమె అడిగింది, "బాలమణమ్మా, మా పాప పుట్టినప్పటి నుంచి తాగింది మీ పాలే కదూ?"

"అవు టీచరమ్మా. నువ్వు సిక్కటియి కావాలంటే, పొలం గడ్డి తిన్న బర్రెయే ఏరి పోసిన."

ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, దూరం జరగనూ లేదు. ఇద్దరి చేతులూ నల్లగా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. లాల్‌దర్వాజా బోనాలకు ఏటేటా మా గల్లీ అంతా బోనంలో పెట్టేది నా పాలతో తోడుపెట్టిన పెరుగన్నమే. దాని సంగతి ఆమె అడగలేదు. నేను కూడా ఎత్తలేదు.

మర్నాడు

మర్నాడు పొద్దున నాలుగింటికే లేచాను. సాన్పికి పేడ చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టి, ఒట్టి నీళ్లు చల్లాను. బర్రెలు అరుస్తున్నాయి. పిండకపోతే వాటి పొదుగులు సలుపుతాయి. పన్నెండింటినీ పిండాను. మూడు క్యాన్లు నిండాయి. సుద్దముక్క తీసుకుని తలుపు మీద, నాకు వచ్చిన నాలుగైదు మాటల్లోంచి రెండు రాశాను: పాలు లేవు.

జనం వచ్చి చదివి, గిన్నెలు పట్టుకుని మళ్లిపోయారు. బర్రెలకు రోగమేమో అనుకున్నారు. నేను కాదనలేదు. టీచరమ్మ వచ్చింది. పదేళ్లలో మొదటిసారి చేతిలో గిన్నె లేకుండా వచ్చింది. నా అక్షరాలను కాసేపు చూసి వెళ్లిపోయింది.

పక్కింటి రాజవ్వ మాత్రం చెంబు పట్టుకుని కదల్లేదు. నాతో పాటే పలక పట్టి వారానికే మానేసిన ముసలామె.

"ఏం రాసినవే బాలమణీ?"

"పాలు లెవ్వని రాసిన అవ్వా."

ఆమె నా వెనకకు చూసింది. "గా క్యాన్లల్ల ఉన్నయేంది మరి? సున్నమా?"

మొదటి క్యాను ఎత్తి ఇంటి ముందు మోరీలో వంచాను. తెల్లటి నురుగు లేచి గల్లీ వెంట పోయింది. ఆ మోరీ మూసీలో కలుస్తుంది. మూసీ నీళ్లతో కింద గడ్డి పెంచుతారు. ఆ గడ్డి మోపులు కట్టి పట్నం బర్రెలకే అమ్ముతారు. ఇదంతా నాకు తెలుసు. వంచడానికి ఇంకో చోటు తెలియదు.

రాజవ్వ చెంబు బోర్లించి పట్టుకుని నురుగు వంకే చూస్తోంది. నేను రెండో క్యాను మూత తీశాను.